లోపలి మనిషి

రివెట్టు పండిందో లేదో చెప్పే చూపు
నాకు పద్నాలుగో ఏట వచ్చింది.
ముదురెరుపు చాలదు, అది పచ్చికాయ కింద లెక్క.
నారింజ దాటి ఎండుగడ్డి రంగుకు తిరిగేలోపు తీయాలి.
చిటపటమని చుక్కలు రాల్చిందా, మాడిపోయినట్టే;
శనివారం నా కూలిలోంచి దాని ఖరీదు పోతుంది.

గోవన్‌లో, ఇంకా పైకప్పు వేయని ఓడ అంచున నా కొలిమి.
తిత్తి మీద కాలు, చేతిలో పటకారు,
ముఖానికి సెగ, వీపుకి క్లైడ్ నది చలి.
లోపలికి విసిరితే
నిప్పు గాలిలో ఒక వంపు గీసి
లాకీ పట్టిన రేకు డబ్బాలో టంగుమని పడేది.
వాడు దాన్ని చిల్లులో దూర్చేవాడు.
అవతలికి పొడుచుకొచ్చిన ఎర్రటి కొస కోసం
ఇద్దరు కాచుకుని ఉండేవాళ్లు.

మర్డోది కుడిచేతివాటం. ఇన్నెస్‌ది ఎడమ.
ఎడమచేత్తో రాస్తున్నాడని బడిలో
ఇన్నెస్ వేళ్ల కణుపుల మీద బెత్తాలు విరిగాయట.
రేవులో మాత్రం అదే చేతికోసం మేస్త్రీలు పోట్లాడుకున్నారు.
రెండు సమ్మెటలు ఒక్క తల మీద
ఒకదాన్నొకటి తాకకుండా దిగాలంటే
ఒకడు పుట్టుకతోనే
తిరగేసి పుట్టి ఉండాలి.

చెప్పాలనుకున్నది వాళ్ల గురించి కాదు.

రేకుకి ఇవతల, ఓడ కడుపులో,
గోనెసంచి మడిచి మోకాళ్ల కింద వేసుకుని
ఫర్కర్ మక్‌ఫీ.
రివెట్టు తలకి ఇనపదిమ్మె, దిమ్మెకి భుజం,
భుజానికి మిగతా మనిషంతా ఆనించి
వాళ్లు కొడతారు, అతను ఆపుతాడు.
అదే అతని వృత్తి. ఆపడం.
ఎదురు నిలిచేవాడు లేకపోతే
ఎంతటి దెబ్బైనా ఉత్త తోపే.

ముప్పై ఏళ్లలో చెవులు రెండూ ఓడలకి ఇచ్చేశాడు.
భోజనానికి పిలవాలంటే భార్య ఎఫీ
చెక్కనేల మీద మడమతో రెండుసార్లు తన్నేది;
కుర్చీకాళ్ల గుండా ఆ పిలుపు
అతని వెన్నులోకి వెళ్లేది.

ఆ నవంబరు ఉదయం
ఎప్పటిలాగే ధన్-ధన్, ధన్-ధన్.
లోపలా బయటా రెండు వైపులూ కనిపించేది
నాకొక్కడికే.
ఇన్నెస్ ముఖం నా కళ్లెదుటే ఉంది పూటంతా.
నాకేం తెలియలేదు.
మర్డోకి తెలియలేదు, మూరెడు దూరంలో నిలబడి.

పన్నెండు గంటల కూత కూయగానే
ఫర్కర్ నిచ్చెనెక్కి పైకొచ్చాడు.
రొట్టెమూట విప్పకుండా, ఎవరినీ చూడకుండా
పలకల మీద నడిచి నేరుగా ఇన్నెస్ దగ్గరికెళ్లి
భుజం మీద అరచెయ్యి వేసి,
చెవిటివాళ్లకి తమ గొంతు ఎంతో తెలియదు కదా,
రేవంతా వినబడేలా అడిగాడు:
“ఇంట్లో ఏమైంది?”

ఇన్నెస్ పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు.
ఫర్కర్‌కి అది చాలు.
మాకు తర్వాత చెప్పాడు:
పాప. తెల్లవారుజామున మూడింటికి.
తను రాకపోతే గుంపు మొత్తానికి కూలి ఉండదని వచ్చాడట.

అయిదేళ్లుగా ఆ ఎడమచేతి దెబ్బ
ఫర్కర్ ఎముకల్లోకి దిగుతూనే ఉంది.
ఆ పొద్దున అది వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తోందట,
వచ్చి, వెళ్లకుండా అక్కడే కాసేపు ఉండిపోతోందట.

సాయంత్రం తనిఖీకి వచ్చినాయన
చిన్న సుత్తితో తట్టుకుంటూ, వేలు ఆనించి చూసుకుంటూ
ఏడింటి చుట్టూ సుద్దతో సున్నాలు చుట్టాడు.
ఏడూ వదులే.
తొలిచి తీసి మళ్లీ కొట్టాలి, డబ్బు రాదు.
ఎవరూ ఒక్క మాట అనలేదు.
ఫర్కర్ గోనెసంచి మడుచుకుని లోపలికి దిగాడు.

నేను బొగ్గు ఎగదోశాను.
చుక్కలు రాలడానికి ఒక్క ఊపిరి ముందు దాకా
ప్రతి రివెట్టునీ నిప్పులో ఉంచాను,
ఇన్నెస్ చేతికి ఇనుము కాస్త మెత్తగా తగలాలని.
ఒకటి మాడింది.
శనివారం చూసుకుందాంలే అనుకున్నాను.